లస్కరు చేతికొచ్చిన రాజ్యం

పల్నాటి యుద్ధం తర్వాత మన చుట్టుపక్కల అంతటి యుద్ధం మళ్ళీ జరిగిందంటే, అది పోయిన కార్తీకంలో ఎగువ జువ్వలపాడు నీటి సంఘం ఆఫీసులో జరిగింది. నలభై రెండు వేలమంది కాల్బలం, ఏడువందల గుర్రాలు, పదకొండు ఏనుగులు. ఇంతటి సంగ్రామాన్ని మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి చూసిన అదృష్టవంతుడు మీరావలి. మీరావలి కాలువ మీద లస్కరు. అంటే గేట్లు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఒక్క పూట కూడా వేళ తప్పి ఎరగడు.

యుద్ధాన్ని సంఘం చైర్మన్ శివరామకృష్ణ గారు దొంగచాటుగా మొదలుపెట్టలేదు. పెద్దమనిషి గనక విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. మంచినీళ్ళ సీసాలు, జీడిపప్పు పళ్ళేలు, మైకు అన్నీ సిద్ధం చేయించింది మీరావలే.

"ప్రజల ఆశీస్సులతో, అధిష్ఠానం అనుమతితో, ఈ ఉదయం పదిన్నరకు బాపయ్య రాజ్యం మీద యుద్ధం ప్రకటిస్తున్నాం," అన్నారు చైర్మన్ గారు. "ఇది నా సొంత యుద్ధం కాదు. ఆయకట్టు రైతాంగం ఆత్మగౌరవ యుద్ధం."

చప్పట్లు ఆగాక ఒక విలేకరి లేచాడు.

"బాపయ్య గారంటే మాజీ చైర్మన్ గారేనాండి? ఆయనకు రాజ్యం ఎక్కడుందండి?"

"ట్యాబ్‌లో."

"మరి మీ సైన్యం?"

"అదీ ట్యాబ్‌లోనే."

"ఫొటో తీసుకోమంటారా?"

"గుర్రాలు కనపడేటట్టు తియ్యి."

మర్నాడు జిల్లా పేజీలో గుర్రాలు కనపడేటట్టే వేశారు.

అది మధ్యయుగం నాటి రాజుల ఆట. కోటలు కట్టాలి, పన్నులు వెయ్యాలి, ధాన్యం కొట్లు నింపాలి, పక్కవాడి కోట పట్టుకోవాలి. చదరంగంలో మాదిరి ఒకరి ఎత్తు అయితే గాని ఇంకొకరి ఎత్తు రాదు. ఒక్కో ఎత్తుకు ఒక రోజు గడువు. సాయంత్రం ఆరు లోపల ఆకుపచ్చ మీట నొక్కాలి, లేకపోతే ఆ ఎత్తు పోయినట్టే. నొక్కిందాకా మాత్రం ఆ లోకంలో ఆకు కదలదు. మంట మండుతున్నవాడు మండుతూనే ఉంటాడు, ఆకలిగొన్నవాడు ఆకలితోనే నిలబడతాడు, ఎవడూ గొడవ చెయ్యడు. చైర్మన్ గారు ఆ ఆటను చూసిన మొదటి రోజే, "పరిపాలన అంటే ఇదిరా!" అన్నారని మీరావలి ఇప్పటికీ చెబుతాడు.

ఆటలోనే కాదు, బయట కూడా ఆయన పరిపాలన అంత పటిష్ఠంగానే ఉండేది. దిగువ జువ్వలపాడుకు పోయే గేటు మూసి అప్పటికి పంతొమ్మిది రోజులు. ఆ ఊరిలో ఆయనకు నలభై ఆరు ఓట్లు తక్కువ పడ్డాయి. గేటు తెరవాలంటే హ్యాండిల్ కావాలి. అది రెండు మూరల ఇనప కడ్డీ, ఒక కొసన వంపు, రెండో కొసన చతురస్రంగా గుంట. గేటు మర మీద పెట్టి తిప్పితేనే గేటు లేస్తుంది. రూలు ప్రకారం అది లస్కరు గదిలో ఉండాలి. చైర్మన్ గారు గెలిచిన రోజున, "అన్న చేతిలో ఉంటేనే దానికి అందం" అని కార్యకర్తలు ఊరేగింపులో ఆయన భుజాన పెట్టారు. ఆ తర్వాత అది భుజం దిగి ఆయన ఇంటి హాల్లో సన్మానం షీల్డుల పక్కన చేరి బొట్టు పెట్టించుకుంది గాని, కాలువ దగ్గరకు రాలేదు. అప్పటినుంచీ మీరావలి ఉద్యోగం తెరవలేని గేటుకు కాపలా.

యుద్ధం ప్రకటించిన నాలుగో రోజు దిగువ జువ్వలపాడు నుంచి బసవమ్మ అర్జీ పట్టుకుని సంఘం ఆఫీసుకు వచ్చింది. చైర్మన్ గారు విలుకాళ్ళను బురుజుల మీదకు ఎక్కిస్తున్నారు.

"ఏం బసవమ్మా?"

"నీళ్ళు బాబూ. రెండెకరాలు మిరప, కౌలు చేను. పూత మీదుంది. ఇంకో వారంలో ఒక తడి పడకపోతే పూతంతా రాలిపోద్ది."

"ఇట్టా వచ్చి కూర్చోమ్మా. ఇది చూడు." చైర్మన్ గారు ట్యాబ్ ఆమె వైపు తిప్పారు. "ఇది ధాన్యం కొట్టు. ఇది కాలువ. మొన్ననే తవ్వించా. చివరి ఊరిదాకా నీళ్ళిచ్చా."

బసవమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. నీళ్ళు నీలంగా, నిండుగా పారుతున్నాయి.

"బాగుంది బాబూ. మరి దీనికి గేటెక్కడ?"

"గేటు పెట్టలేదమ్మా. నీళ్ళు వాటంతటవే పోతయ్."

"మాకూ పెట్టకపోతే పోయేవిగా!"

చైర్మన్ గారు హాయిగా నవ్వారు. విమర్శను స్వీకరించే గుణం ఆయనలో పుష్కలం. ఆమె అర్జీ స్వయంగా అందుకుని, వెనక వైపు ఖాళీగా ఉంటే, ఎన్ని వందల బాణాలు కావాలో అక్కడ లెక్క వేసుకున్నారు.

ఆ వారమే రెండు చిన్న కోటలు చైర్మన్ గారి వశమయ్యాయి. దాంతో పార్టీలో చిక్కొచ్చింది. రాజ్యం పెరిగింది గనక పదవులు కావాలన్నారు కార్యకర్తలు. పార్టీ మండల అధ్యక్షుడు బుల్లయ్య అందరికంటే ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఇరవై ఏళ్ళుగా జెండా మోస్తున్నా. కనీసం గుర్రాలన్నా నాకియ్యి."

"గుర్రాలకి ఇద్దరు ముగ్గురు అడుగుతున్నార్రా."

"వాళ్ళు నిన్నగాక మొన్న పార్టీలోకొచ్చినోళ్ళు. వాళ్ళకి పొట్టేళ్ళియ్యి."

చివరికి అన్ని వర్గాలకూ న్యాయం చేస్తూ పద్నాలుగు మందితో మంత్రివర్గం ఏర్పడింది. సంఘం ఆఫీసు ముందు షామియానా వేసి ప్రమాణ స్వీకారం జరిపారు. "బుల్లయ్య అను నేను, అశ్వదళాధిపతిగా..." అంటూ బుల్లయ్య మైకు వదలకుండా రెండుసార్లు ప్రమాణం చేశాడు. మైనారిటీలకు స్థానం లేదన్న మాట రాకూడదని మీరావలిని కూడా పిలిచి కోట ద్వారపాలకుడిగా ఉండమన్నారు.

"నాకు కాలువ కాపలా ఉంది గదండీ."

"అక్కడ నువ్వు చేసేదేముంది?"

అదీ నిజమే గదా అని మీరావలి ద్వారపాలకుడయ్యాడు.

ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. గుర్రమెక్కిన యోధుడి మెడ మీద బుల్లయ్య తల అతికించారు. ఆ తలకు చెవి దగ్గర సెల్‌ఫోన్ ఉంది, దాన్ని కత్తిరించడం కుదరక అట్లాగే ఉంచారు. బుల్లయ్య లెటర్‌హెడ్ కూడా కొట్టించుకుని, దాచేపల్లి పోతూ దారిలో టోల్‌గేటు దగ్గర చూపించాడు.

"అశ్వదళాధిపతిని. కారు వదలండి."

టోల్‌గేటు మనిషి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "గుర్రం ఏదండీ?"

"ఆటలో ఉంది."

"అయితే ఆటలో వెళ్ళండి."

ప్రతిపక్షం కుట్ర అని బుల్లయ్య అక్కడే రోడ్డు మీద కూర్చుని అరగంట నిరసన తెలిపాడు.

ఇక్కడ ఒక సంగతి సర్దుకోవాలి. నలభై రెండు వేల సైన్యం అన్నాను గదా, మీరావలి వేలు పెట్టి లెక్కపెడితే తెర మీద పన్నెండు బొమ్మలే తేలాయి. ఒక్కో బొమ్మ కింద వెయ్యి మంది లెక్క అన్నారు చైర్మన్ గారు. తక్కిన ముప్పై వేలూ నేను తోలుకొచ్చినవాళ్ళే. ఏనుగులు ఆ ఆటలో అసలు లేవు. యుద్ధమన్నాక నాలుగు ఏనుగులు లేకపోతే బాగుండదని పదకొండు తెచ్చాను. గుర్రాలు మాత్రం నిజం.

అవతల బాపయ్య ఎవరిచేతా ప్రమాణాలు చేయించలేదు. వేటపాలెంలో తన జీడిపప్పు బట్టీ దగ్గర కూర్చుని, రోజుకో ఎత్తు చొప్పున మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ఇవతల మంత్రులు సన్మానాల్లో ఉండగా, ఒక ఉదయం చూసుకునేసరికి రాజధాని చుట్టూ బాపయ్య దండు దిగి ఉంది.

సరిగ్గా అప్పుడే పార్టీవాళ్ళు గుంటూరులో శిక్షణ తరగతులు పెట్టారు. మూడు రోజులు. అంశం 'నాయకుడు, ప్రజలు'. గుమ్మం దగ్గరే ఫోన్లు, ట్యాబ్‌లు తీసేసుకుంటారు. హాజరు వేయించుకోకపోతే వచ్చేసారి టిక్కెట్టు ఉండదు. చైర్మన్ గారు రాజ్యాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలియక అన్నం సరిగా తినలేదు. అంతకు ముందు ఒక అరగంట బుల్లయ్య చేతికిస్తే, గుర్రాలన్నిటినీ ఒక మూలకు తోలి ఆ మూలకు తన పేరు పెట్టుకున్నాడు.

ఆఖరికి ఆయన స్వయంగా లస్కరు గదికి నడిచొచ్చారు. ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదలు.

"మీరావలీ, వేళ తప్పనోడివి నువ్వొక్కడివే. ఇదిగో. రోజూ ఆరు లోపల ఈ పచ్చ మీట నొక్కు. ఇంకేం ముట్టుకోమాక."

"నొక్కకపోతే ఏమవుద్దండీ?"

"మన సైన్యం చేతులు కట్టుకుని నిలబడుద్ది. బాపయ్య చెప్పులిడవకుండా కోటలోకి నడిచొస్తాడు."

మొదటి రోజు మీరావలి ఐదున్నరకే నొక్కాడు. మర్నాడు మధ్యాహ్నం కాలువ వంతెన మీద కూర్చుని, ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని టీ తాగుతుంటే బసవమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి వంతెన గోడ మీద బోర్లించింది. తెల్లని మిరప పూత. సగం వాడి, సగం ఇంకా పచ్చిగానే ఉంది.

"లెక్కపెట్టు తమ్ముడూ. ఒక్క సాలులో రాలింది."

మీరావలి తల దించుకున్నాడు. పూతలో ఎన్ని కాయలు పోయాయో అతనికి తెలుసు. వాళ్ళ నాన్న కూడా మిరప వేసినవాడే.

"నా చేతిలో ఏముందక్కా? హ్యాండిల్ ఆయన ఇంట్లో ఉంది."

"నీ చేతిలో ఉన్నదేంది మరి?"

"ఇదా? ఇది ఆయన రాజ్యం."

బసవమ్మ కాసేపు ఆ ట్యాబ్ వంకే చూసింది. మీరావలి కూడా చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టిందో, ఒకరి మొహంలో ఒకరికి కనపడిందో గాని, ముందు మాట్లాడింది మీరావలే.

"నేనియ్యకూడదక్కా. ఉద్యోగం పోద్ది. నువ్వే లాక్కోవాల."

"సరే, గట్టిగా పట్టుకో మరి."

ఆమె ఒకసారి లాగింది. అతను వదల్లేదు. రెండోసారి లాగింది. "ఇంక చాల్లే అక్కా, పగులుద్ది" అని వదిలేశాడు. బసవమ్మ ట్యాబ్‌ను గోనెసంచిలో చుట్టి, సంచిని వంతెన గోడ మీద పెట్టి, దాని మీద కూర్చుంది.

"ఫోన్ చెయ్యి మీ చైర్మన్‌కి. హ్యాండిల్ తెచ్చి గేటెత్తితే రాజ్యం ఇస్తా. లేకపోతే ఆరింటిదాకా నేనిక్కడే కూర్చుంటా."

గుంటూరులో శిక్షణ హాలు బయట అందరి ఫోన్లకూ కాపలాగా ఉన్న బుల్లయ్య ఈ వార్త విని, గుర్రాలు ఏమయ్యాయని మాత్రం అడిగి, లోపలికి చీటీ పంపాడు. ఆ సమయానికి చైర్మన్ గారు వేదిక మీద 'ప్రజలే నా ప్రాణం' అంటున్నారు. చీటీ చదువుకుని గుండె పట్టుకున్నారు. అది ఆవేశం అనుకుని హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలోనే ఆయన బయటపడ్డారు.

సాయంత్రం ఐదు ఇరవైకి కారు వంతెన దగ్గర ఆగింది. చైర్మన్ గారు దిగారు. దారిలో ఇంటికి వెళ్ళి తెచ్చినట్టున్నారు, భుజాన హ్యాండిల్ ఉంది. దానికి పెట్టిన బొట్టు చెక్కుచెదరలేదు. వెనకే బుల్లయ్య. దిగువ జువ్వలపాడు వాళ్ళు ఓ అరవై మంది గట్టు మీద నిలబడ్డారు.

"బసవమ్మా, ఇది పద్ధతేనా? రాజధాని ముట్టడిలో ఉంది!"

"చేను ఎండలో ఉంది."

"సరే, ఎన్ని రోజులు కావాలి నీళ్ళు?"

"మూడు."

"ఒకటి."

"ఒకటైతే కోటొక్కటే ఇస్తా. గుర్రాలు నా దగ్గరే ఉంటయ్."

"అన్నా, గుర్రాలు వదలమాక!" అని బుల్లయ్య అరిచాడు.

చైర్మన్ గారు స్వరం మార్చారు. ఎన్నికలప్పుడు వాడే స్వరం అది. "అమ్మా, ఆ కోటలో జనం ఉన్నారు. ఆడోళ్ళు, ముసలోళ్ళు. నాలుగు రోజుల్నించి తిండి లేదు, నీళ్ళు లేవు. నీకు జాలి లేదా తల్లీ?"

"ఎంతమంది బాబూ?"

"మూడు వేల రెండొందల మంది."

"వాళ్ళకి ఓట్లున్నయ్యా?"

"లేవు."

"ఓట్లు లేకుండానే అంత జాలి పడుతున్నావే! మాకుండి ఏం లాభం?"

గట్టు మీద నవ్వారు. మీరావలి నవ్వకుండా ఉండటానికి గడియారం వంక చూశాడు. "ఐదూ నలభై ఎనిమిదండీ," అన్నాడు.

"రెండు రోజులు," అన్నారు చైర్మన్ గారు.

"మూడు."

"రెండున్నర."

"ఐదూ యాభై మూడండీ."

బసవమ్మ సంచి మీద కాస్త సర్దుకుని కూర్చుంది. సంచిలోంచి టక్‌మని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు చైర్మన్ గారి గుండెల్లో తగిలింది. కోట బురుజు కూలినట్టు వినపడిందట ఆయనకు. భుజం మీద హ్యాండిల్ దించి, రెండు చేతులా మీరావలికి అందించారు. మీరావలి దాన్ని గేటు మర మీద పెట్టి తిప్పాడు. మొదట కీచుమంది, తర్వాత లేచింది. కింద నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, నురుగుతో దిగువకు దూకాయి. గట్టు మీద అరవై మంది నీళ్ళతో పాటే పరిగెత్తారు. బసవమ్మ లేచి ట్యాబ్ దుమ్ము తుడిచి ఇచ్చింది. ఐదూ యాభై తొమ్మిదికి చైర్మన్ గారు పచ్చ మీట నొక్కారు. రాజధాని నిలిచింది. చేనూ నిలిచింది. మర్నాడు ఎగువ, దిగువ జువ్వలపాళ్ళ మధ్య రోడ్డంతా ఫ్లెక్సీలు. 'చివరి ఎకరాకూ నీరందించిన మహారాజుకు రైతాంగం కృతజ్ఞతలు.' ఈసారి గుర్రం మీద చైర్మన్ గారే ఉన్నారు.

ఇంతే కథ.

ఆ సైన్యం, ఏనుగులు కాక ఇందులో ఇంకొక్క ముక్క కూడా నేను కల్పించాను. ఒప్పుకోకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. అది మీరనుకునే ముక్క కాదు. ప్రమాణ స్వీకారం నేను కల్పించలేదు, టోల్‌గేటు కల్పించలేదు, గుండె పట్టుకుంటే చప్పట్లు కొట్టడం అసలే కల్పించలేదు. చైర్మన్ గారు హ్యాండిల్ ఇచ్చారన్నది కల్పన.

ఆయన ఇవ్వలేదు. ఐదూ యాభై మూడు అని మీరావలి అన్నాక ఆయన సంచి వంక చూశారు, భుజం మీదున్న కడ్డీ వంక చూశారు, మళ్ళీ సంచి వంక చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరు కొట్టిందాకా అట్లాగే నిలబడ్డారు. ఆరు కొట్టింది. బాపయ్య కోటలోకి నడిచొచ్చాడు. చైర్మన్ గారు కళ్ళు తుడుచుకుని, హ్యాండిల్ భుజం మార్చుకుని కారెక్కారు. బుల్లయ్య ఆ వారంలోనే బాపయ్య పక్షంలో చేరాడు, గుర్రాలతో సహా.

మరి బసవమ్మ చేను తడిసిందా అంటారా? తడిసింది. మర్నాడు పొద్దున్నే మీరావలి సైకిలేసుకుని నరసరావుపేటలో లేతు పని చేసే జక్రయ్య దగ్గరికి పోయాడు. ఇరవై రెండేళ్ళు తిప్పిన హ్యాండిల్, కొలతలు అరచేతిలో ఉన్నాయి. జక్రయ్య పాత ఇరుసు ముక్క ఒకటి తీసి వంచాడు, కొసన గుంట చెక్కాడు. మధ్యాహ్నం భోజనం వేళకు అయిపోయింది. ఈ సంగతి బయటికి పొక్కకూడదని మీరావలి అడిగితే, సరేనని నేను చైర్మన్ గారి చేత ఇప్పించి కథ నడిపాను.

దిగువకు నీళ్ళు పోతున్నాయని చైర్మన్ గారికి మూడో రోజున తెలిసింది. హాల్లోకి పోయి చూసుకున్నారు. హ్యాండిల్ ఉన్నచోటే ఉంది. ఆ సాయంత్రమే విలేకరులను పిలిపించారు.

"దిగువకు నీళ్ళు ఎవరు వదిలారండీ?" అని అడిగారు వాళ్ళు.

"ఇంకెవరు వదులుతారు?" అన్నారు చైర్మన్ గారు. "నేనే."

ఫ్లెక్సీలు ఆ రాత్రే అచ్చయ్యాయి. హ్యాండిల్‌కు మాత్రం ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం కొత్త బొట్టు పెడుతున్నారు.